మళ్ళీ వేలిముద్రల కాలం

మనుషులకు వచ్చినట్లే మాటలకు కూడా మంచిరోజులు, చెడ్డరోజులు వస్తూ వుంటాయి. "వేలిముద్ర" అనే మాట సంగతి చూడండి. నా చిన్నతనంలో ఎవరినైనా గురించి "వాడు వేలిముద్రగాడురా" అన్నారంటే ఇక చెప్పవలసింది ఏమీ మిగిలేది కాదు. వాడికి అక్షరం ముక్క రాదనీ, ఎవరు ఏ కాగితం ముందు పెడితే దాని మీద నల్లసిరా పూసిన బొటనవేలు ఒత్తి వెళ్ళిపోతాడనీ, ఆ కాగితంలో షావుకారు ఏమి వ్రాసుకుంటే అదే వాడికి శాసనమనీ అర్థం.

ఆ చిన్నతనాన్ని వదిలించుకోవటానికి మనవాళ్ళు పడిన పాట్లు తక్కువేమీ కావు. 1990 ప్రాంతాలలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఉధృతంగా సాగింది. పగలంతా పొలంలో వంగి నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టుకొని కూర్చున్నారు. ఆ చదువు ఊరికే పోలేదు. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటానికి ఆ రాత్రిబడులే పునాది అని అందరూ ఒప్పుకున్నారు. తమ పేరు తాము వ్రాసుకోగలగటం అంటే ఆ తల్లులకు వేలికి అంటిన సిరా కడుక్కోవటంతో సమానం.

ఇప్పుడు నా సంగతి మనవి చేసుకుంటాను. నేను ఎం. ఏ. చదివి కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఉదయం కళాశాల గడప దాటగానే నేను చేసే మొట్టమొదటి పని గోడకు తగిలించిన యంత్రం మీద బొటనవేలు పెట్టటం. మా ప్రిన్సిపాలుగారూ అంతే, బంట్రోతూ అంతే. రేషను డిపోలో వేలిముద్ర, సిమ్ కార్డు కొంటే వేలిముద్ర, ఇల్లు రిజిస్ట్రీ చేయిస్తే వేలిముద్ర, జేబులోని ఫోను తెరవటానికి వేలిముద్ర. పండితుడూ పామరుడూ తేడా లేకుండా అందరమూ తిరిగి వేలిముద్రగాళ్ళమైనాము. అయితే ఈసారి ఎవరికీ సిగ్గు లేదు. ఇది నాగరికత.

సిగ్గుపడమని నేను అనటం లేదు. కాని వెనకటి వేలిముద్రగాడికి తన వేలు ఏ కాగితం మీద పడుతున్నదో తెలియకపోయినా, ఎన్ని కాగితాల మీద పడిందో లెక్క తెలిసేది. చదువుకున్న మనకు ఆ లెక్క అయినా తెలుసునా అన్నదే నా సందేహం.

బెంగాలులో ఒక ఒప్పందం

ఈ వేలిముద్రల విద్య పడమటి దేశాలనుంచి మనకు దిగుమతి అయిందని చాలమంది అనుకుంటారు. నిజానికి దాని పుట్టిల్లు మన దేశమే. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి వుండేవాడు. రోడ్డు వేయటానికి కావలసిన సరుకు సరఫరా చేసేందుకు రాజ్యధర్ కొనాయి అనే ఆసామీతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. రేపు ఈ కొనాయి "ఆ సంతకం నాది కాదు" అంటే ఏమి చేయాలి? దొరగారికి ఒక ఉపాయం తోచింది. కొనాయి అరచేతికి రంగు పూయించి, ఒప్పందం కాగితం వెనక ఒత్తించాడు. అప్పటికి అందులో శాస్త్రమేమీ లేదు. మాట తప్పకుండా మనిషిని కాస్త బెదరించటమే ఉద్దేశం.

తరువాత ఆయనకు ఆ గీతల మీద ఆసక్తి పెరిగింది. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా వున్నప్పుడు రెండు ముఖ్యమైన చోట్ల వేలిముద్రలు తీసుకొనే ఆచారం పెట్టాడు. ఒకటి పింఛనుదారుల దగ్గర, రెండవది దస్తావేజుల రిజిస్ట్రేషనులో. చనిపోయిన వారి పేరుమీద బతికున్నవారు పింఛను తీసుకోకుండా మొదటిది, ఒకరి ఆస్తి మరొకరు అమ్మకుండా రెండవది. పింఛను, దస్తావేజు అనే ఈ రెండు మాటలు పాఠకులు జ్ఞాపకం వుంచుకోవాలి. మన కథ నూటయాభై ఏళ్ళు తిరిగి మళ్ళీ ఆ రెండింటి దగ్గరికే వస్తుంది.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ప్రపంచంలో అటువంటి వాటిలో అదే మొదటిది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుమీద దేశదేశాలలో చలామణి అయిన వర్గీకరణ పద్ధతిని రూపొందించటంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగుల కృషి చాలా వున్నది. పేరు మాత్రం దొరగారికి దక్కింది. ఆ రోజుల్లో అది మామూలే.

చేవ్రాలు వేరు, వేలిముద్ర వేరు

సంతకానికి అచ్చతెనుగు మాట "చేవ్రాలు". చేతితో వ్రాసిన వ్రాత అని అర్థం. వ్యవహారంలో మనం ఈ రెండింటి గురించి ఎట్లా మాట్లాడతామో గమనించండి. సంతకం "చేస్తాము". వేలిముద్ర "పడుతుంది". మొదటిది మనం పూనుకొని చేసే పని. రెండవది మనం పూనుకోకపోయినా జరుగుతుంది. నిద్రపోతున్నవాడి చేత సంతకం చేయించలేము గాని, వేలిముద్ర వేయించవచ్చు. కొన ఊపిరితో వున్న ముసలాయన వేలు పట్టుకొని వీలునామా మీద ఒత్తించిన దాయాదుల కథలు మన పల్లెల్లో కోకొల్లలు.

పొద్దున లేచింది మొదలు మనం ముట్టుకున్న ప్రతి గ్లాసు మీద, తలుపు గడియ మీద, ఫోను అద్దం మీద మన ముద్ర పడుతూనే వుంటుంది. ఇక అది రహస్యమెట్లా అవుతుంది? మనిషిని గుర్తుపట్టటానికి ముఖం ఎట్లా పనికి వస్తుందో వేలిముద్ర కూడా అట్లాగే పనికి వస్తుంది. కాని మన ముఖం నలుగురికీ తెలుసునని, ఆ ముఖాన్నే ఇనప్పెట్టె తాళంచెవి చేసుకుంటామా? ఈనాడు సరిగ్గా ఆ పనే జరిగింది. గుర్తుగా వుండవలసిన వస్తువును తాళంచెవిగా వాడుతున్నాము.

తాళంచెవి పోతే తాళం మారుస్తాము. రహస్య సంకేతం బయటపడితే మరొకటి పెట్టుకుంటాము. వేలిముద్ర పోతే? భగవంతుడు ఇచ్చినవి పది వేళ్ళు. పదకొండవది పుట్టదు.

పాసుబుక్కులో రెండు గీతలు

ఇదంతా పండితుల చర్చగా వుండిపోతే నేను ఈ వ్యాసం వ్రాయకపోదును. మా వీధిలో ఒక పెద్దావిడ వున్నది. వరసకు ఏమీ కాకపోయినా నేను పిన్నిగారూ అని పిలుస్తాను. భర్త పోయిన తరువాత వచ్చే కుటుంబ పింఛనుతో స్వంత ఇంట్లో గుట్టుగా కాలక్షేపం చేస్తున్నది. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఆమె దగ్గర వున్నది మీటలు నొక్కే పాతఫోను. అందులో వచ్చిన ఫోను ఎత్తటం తప్ప మరొకటి ఆమెకు తెలియదు.

ఒక నెల పింఛనుకోసం బ్యాంకుకు వెళ్ళి పాసుబుక్కు వ్రాయిస్తే ఇరవైవేలు తక్కువ కనిపించాయి. వరసగా రెండు రోజులు, రోజుకు పదివేల చొప్పున ఎవరో తీసుకున్నారు. రెండవది ముందురోజు సాయంత్రమే జరిగింది. గుమాస్తా కంప్యూటరులో చూసి, "మీరే వేలిముద్ర వేసి తీసుకున్నారు గదా, అమ్మగారూ" అన్నాడు. ఎక్కడ? ఆమె ఎన్నడూ కాలు పెట్టని మరొక జిల్లాలోని ఏదో దుకాణంలో!

కొడుకుకు ఫోను చేస్తే ఆ అబ్బాయి మండిపడ్డాడు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా, ఎవరికీ ఓటీపీ చెప్పవద్దని? ఎవడో ఫోను చేసి తియ్యగా మాట్లాడి వుంటాడు, నువ్వు చెప్పి వుంటావు" అని కేకలు వేశాడట. ఆమె కళ్ళనీళ్ళతో మా ఇంటికి వచ్చింది.

"నాయనా, నాకు ఎవరూ ఫోను చెయ్యలేదు. నేను ఎవరికీ ఏ నంబరూ చెప్పలేదు. ఊరు దాటి ఆరునెలలైంది. డబ్బు పోయిందని కాదు, వాడు నన్ను నమ్మటంలేదు" అన్నది.

"మీరు చెప్పింది నిజమే, పిన్నిగారూ. ఈ దొంగతనానికి ఓటీపీతో పనిలేదు" అన్నాను. ఆ మాటకు ఆమె ముఖంలో కనిపించిన ఊరట పోయిన సొమ్ము చేతికి వచ్చినా కనిపించి వుండదు.

అప్పుడే ఇద్దరమూ కూర్చొని 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేశాము. బ్యాంకులో లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్నాము. కొన్ని వారాలు తిరిగిన తరువాత సొమ్ము ఖాతాలో పడింది. ఆ తరువాత ఆమె పాతఫోను తెరిచి చూస్తే డబ్బు పోయిన రెండుసార్లూ బ్యాంకు సందేశం వచ్చే వున్నది. ఇంగ్లీషులో వున్నది గనుక ఆమె చదవలేదు.

దస్తావేజు చేసిన ద్రోహం

ఆ సొమ్ము ఎట్లా పోయింది? పల్లెటూళ్ళలో బ్యాంకు దూరమైన చోట చిన్న దుకాణాలలో డబ్బు తీసుకొనే సౌకర్యం ఒకటి వున్నది. బ్యాంకు మిత్ర అనే ఆసామి దగ్గర అరచేతిలో పట్టే యంత్రం వుంటుంది. మన ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే చాలు. యంత్రం ఆధార్ సంస్థను అడుగుతుంది, అది ఔనంటుంది, డబ్బు చేతికి వస్తుంది. ఒక విడతకు గరిష్ఠంగా పదివేలు. ఓటీపీ లేదు, రహస్య సంఖ్య లేదు, పాసుబుక్కుతోనూ పనిలేదు. చదువురాని వారికీ, పట్టణానికి నడవలేని వృద్ధులకూ ఇది గొప్ప ఉపకారం. అందులో సందేహం లేదు.

కాని దొంగవైపు నుంచి ఆలోచించండి. వాడికి కావలసినవి మూడే వస్తువులు. బ్యాంకు పేరు ఊహించటం కష్టం కాదు. ఒకటి కాకపోతే మరొకటి ప్రయత్నిస్తాడు. మిగిలినవి ఆధార్ సంఖ్య, వేలిముద్ర. ఈ రెండూ ఒకేచోట దొరికే కాగితం ఏదైనా వున్నదా? వున్నది. అదే మన ఇంటి దస్తావేజు.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టానికి 2001లో ఒక సవరణ వచ్చింది. ఆస్తి అమ్మేవారూ కొనేవారూ తమ ఫోటోలు, వేలిముద్రలు దస్తావేజుకు జత చేయాలన్నారు. ఒకరి ఆస్తి మరొకరు అమ్ముకోకుండా మంచి ఉద్దేశంతో చేసిన ఏర్పాటే అది. పోతే, మన ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులోనే "కార్డ్" అనే పేరుతో రిజిస్ట్రారాఫీసులలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆస్తి కొనేవాడు దాని పూర్వాపరాలు తెలుసుకోవాలి గనుక దస్తావేజు నకళ్ళు అందరికీ దొరకటం న్యాయమే. కాగితాలు కంప్యూటరులోకి ఎక్కాయి. గుర్తింపుకోసం ఆధార్ నకలు కూడా జతపడింది. ఏ ఒక్కరూ చెడు తలపెట్టలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క మంచి పనే చేశారు. అన్నీ కలిసేసరికి వేలిముద్రా, ఆధార్ సంఖ్యా ఒకే పళ్ళెంలో పెట్టి వీధిలో వుంచినట్లయింది.

ఇది ఊహ కాదు. 2018లో తెలంగాణలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుంచి దస్తావేజులు దించుకొని, వాటిలోని వేలిముద్రలనుంచి రబ్బరుముద్రలు తయారుచేసి, వాటితో ఎవరెవరి పేర్లమీదనో వేల సంఖ్యలో సిమ్ కార్డులు తెరిచాడు. కంపెనీ పెట్టిన అమ్మకాల లక్ష్యం అందుకోవటానికి చేశానన్నాడు. అతనికి తోచిన ఉపాయం ఇతరులకు తోచకుండా వుంటుందా? తరువాతి సంవత్సరాలలో దేశంలో అనేకచోట్ల ఇదే విద్య సిమ్ కార్డులనుంచి బ్యాంకు ఖాతాలకు ప్రాకింది.

పిన్నిగారు కూడా ఆ సంగతికి నాలుగు నెలల ముందు కూతురి పేర ఇంటిలో కొంతభాగం దానసెటిల్మెంటు దస్తావేజు వ్రాసి రిజిస్ట్రీ చేయించింది. ఆమె వేలిముద్ర అక్కడినుంచే పోయిందని నేను రుజువు చేయలేను. కాని ఆమె ఇటీవల వేలు పెట్టిన చోట్లు లెక్కవేస్తే నాలుగుకు మించలేదు. వాటిలో అది ఒకటి.

వెబ్‌సైట్లలో పెట్టే దస్తావేజులలో వేలిముద్రలు కనపడకుండా మరుగుచేయమని ఆ తరువాత కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. మంచిదే. కాని అంతకుముందే ఎవరైనా దించుకొని దాచుకున్న నకళ్ళను వెనక్కు పిలవటం ఎవరి తరమూ కాదు.

దేశాంతరాల అనుభవాలు

ఇది మనవాళ్ళ అజాగ్రత్త మాత్రమే అనుకుంటే పొరబాటు. 2002లో జపానులో యొకొహామా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన త్సుతోము మత్సుమొతో అనే ఆచార్యుడు మిఠాయిల తయారీలో వాడే జెలటిన్‌తో కృత్రిమ వేళ్ళు తయారుచేసి, బజారులో దొరికే 11 రకాల యంత్రాలను పరీక్షించాడు. యంత్రాలు మోసపోయాయి. గాజు మీద పడిన ముద్రనుంచి చేసిన వేలికి కూడా లొంగిపోయాయి. 2013 సెప్టెంబరులో ఐఫోను 5ఎస్ వేలిముద్రతో తెరుచుకుంటుందని ఘనంగా ప్రకటిస్తే, ఫోను అంగడిలోకి వచ్చిన కొద్దిరోజులకే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ వారు నకిలీ వేలితో దాన్ని తెరిచి చూపించారు. మరుసటి సంవత్సరం డిసెంబరులో ఆ సంఘానికే చెందిన యాన్ క్రిస్లర్ మరొక విడ్డూరం చేశాడు. ఆనాటి జర్మనీ రక్షణమంత్రిణి ఉర్సులా ఫొన్ డేర్ లాయెన్ బహిరంగంగా కనిపించినప్పుడు తీసిన ఫోటోలనుంచి ఆమె బొటనవేలి ముద్రను పునర్నిర్మించాడు. ఆమె ఏ వస్తువునూ ముట్టుకోనవసరం లేకపోయింది!

అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల దస్త్రాలు భద్రపరిచే కార్యాలయంలో దొంగలు పడి, 56 లక్షల మంది వేలిముద్రలు ఎత్తుకుపోయినట్లు 2015లో ఆ ప్రభుత్వమే ప్రకటించింది. వారిలో ఎవరికి మాత్రం కొత్త వేళ్ళు తెప్పించి ఇవ్వగలరు?

అయితే అన్ని వేలిముద్ర యంత్రాలనూ ఒకే గాటకట్టటం న్యాయం కాదు. మన చేతిలోని మంచి ఫోను మన ముద్రను తనలోనే వేరుగా భద్రపరచిన చిన్న గదిలో దాచుకుంటుంది, బయటికి పంపదు. దొంగకు నకిలీ వేలితోపాటు ఆ ఫోను కూడా చేతికి చిక్కాలి. ఆధార్ పద్ధతిలో అట్లా కాదు. ముద్ర ఒక్కటే, దానిని అంగీకరించే దుకాణాలు దేశమంతటా వున్నాయి. ఇక హాజరు యంత్రాలు మూడోరకం. ఒక కళాశాలో, కర్మాగారమో ఎవరో వ్యాపారి దగ్గర కొన్న యంత్రంలో మన ముద్రలు ఏ రూపంలో వున్నాయి, ఉద్యోగం మానిన తరువాత వాటిని తుడిచివేస్తారా అనే ప్రశ్న అడిగినవారిని నేను చూడలేదు. మా సమావేశంలో నేను అడిగితే మిత్రులు నవ్వారు. "తెలుగు మాస్టారికి ఇవన్నీ ఎందుకండీ" అన్నారు. జవాబు మాత్రం ఇంకా రాలేదు.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో మొట్టమొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందూర్బార్ జిల్లా తెంభ్లీ గ్రామంలో ఇచ్చారు. దానిమీద విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యం ఫలితంగా, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత పౌరుని ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అధికసంఖ్యాకుల తీర్పుతో ఆధార్‌ను నిలబెట్టింది. కాని ప్రైవేటు కంపెనీలు ఒప్పందాల పేరుతో దానిని అడగటానికి వీలిచ్చిన నిబంధనను కొట్టివేసింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు వేరే చట్టమే చేసింది.

యంత్రాల సంగతి కూడా పట్టించుకోలేదనటానికి వీలులేదు. వేలు నిజమైనదా, నకిలీదా అని పసికట్టే కొత్త పద్ధతిని 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ ప్రకటించింది. ఈ దుకాణాలు నడిపేవారి పూర్వాపరాలు బ్యాంకులు శ్రద్ధగా విచారించాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి అది అమలు కావాలన్నది. దొంగా పోలీసూ ఒకరి వెనక ఒకరు పరుగెత్తటం లోకరీతి. మనం చేయవలసింది ఆ పరుగుపందెం చూస్తూ కూర్చోకుండా మన తలుపు మనం వేసుకోవటం.

మరొక చిత్రం చెప్పాలి. 2022 మే నెలాఖరులో ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయం వారు, ఆధార్ నకళ్ళు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని ప్రకటన చేశారు. జనం కంగారుపడ్డారు. రెండు రోజులకే, దానిని అపార్థం చేసుకొనే అవకాశం వున్నదంటూ ప్రకటనను ఉపసంహరించారు. ప్రకటన పోయింది గాని, అందులోని హితవు పోనవసరం లేదు.

గృహస్థులకు కొన్ని సూచనలు

మొదటిది, వేలిముద్రకు తాళం వేయటం. ఆధార్ సంస్థ వెబ్‌సైటులోను, వారి ఫోను ఆప్‌లోను ఇందుకు ఏర్పాటు వున్నది. తాళం వేస్తే మన వేలు గాని, కనుపాప గాని, ముఖం గాని ఎవరు పెట్టినా యంత్రం ఒప్పుకోదు. ఖర్చు లేదు. ఆధార్‌కు మన ఫోను నంబరు జతపడి వుంటే చాలు. అయితే రేషనుకో, పింఛనుకో ప్రతినెలా వేలు పెట్టవలసినవారు ఆ వేళకు తాళం తీసి, పని కాగానే తిరిగి వేసుకోవాలి. ఇది పెద్దవారికి చేతకాకపోవచ్చు. పండుగకు ఇంటికి వచ్చిన పిల్లలు ఫోటోలు తీసుకోవటంతోపాటు పది నిమిషాలు ఈ పనికి కేటాయించవచ్చు.

రెండవది, ఆధార్ నకలు ఇవ్వక తప్పనిచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతి ఇవ్వటం. దానిని సంస్థవారే ఇస్తారు. జెరాక్సు ఇచ్చేటప్పుడు దానిమీద అడ్డంగా ఏ పనికోసం, ఏ తేదీన ఇచ్చారో వ్రాసి సంతకం చేయటం మంచి అలవాటు.

మూడవది, దుకాణంలో యంత్రం మీద వేలు పెట్టినప్పుడు "ముద్ర పడలేదు, మళ్ళీ పెట్టండి" అంటే వెంటనే పెట్టవద్దు. మొదటిసారి ఏమైనదో రసీదు గాని, ఫోనుకు వచ్చిన సందేశం గాని చూసి మరీ పెట్టాలి. నిజంగానే పడకపోవచ్చు. పొలం పనిచేసిన చేతులకూ, అంట్లుతోమి అరిగిన వేళ్ళకూ గీతలు సరిగా పడవు. కాని ముద్ర పడి సొమ్ము కదిలిన తరువాత కూడా పడలేదని చెప్పేవారు లేకపోలేదు.

నాలుగవది, లెక్క చూసుకోవటం. గత ఆరునెలలలో మన ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడారో ఆ సంస్థ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇంట్లో పాలలెక్క, చాకలి పద్దు చూసుకొనే ఇల్లాలు నెలకొకసారి ఈ లెక్క కూడా చూస్తే సరిపోతుంది. బ్యాంకు సందేశాలు చదవలేని పెద్దల ఖాతాకు చదవగలవారి నంబరు జతచేయించటం మరీ మంచిది.

ఐదవది, సొమ్ము పోతే ఆలస్యం చేయకపోవటం. వెంటనే 1930కి ఫోను, ఆ రోజే బ్యాంకుకు వ్రాతమూలకమైన ఫిర్యాదు. ఖాతాదారు తప్పు గాని, బ్యాంకు తప్పు గాని కాకుండా మరెక్కడో లోపంవల్ల సొమ్ము పోయినప్పుడు, మూడు పనిదినాలలోపల తెలియజేస్తే ఖాతాదారుకు నష్టభారం వుండదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు చెప్పింది. ఆ తరువాత ఆలస్యమైన కొద్దీ భారం మన మీదికి వస్తుంది.

ఇవన్నీ చెప్పిన తరువాత కూడా అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి వున్నదని నా అభిప్రాయం. దొంగతనం జరిగిన ప్రతి ఇంట్లో సొమ్ము పోగొట్టుకున్నవారినే దోషిగా నిలబెట్టటం మనకు అలవాటైంది. ముసలివారు, అందులోనూ ఆడవారు అయితే తీర్పు మరీ త్వరగా వెలువడుతుంది. ఫోనులో మాయమాటలకు లొంగి సొమ్ము పోగొట్టుకొనేవారు వున్న మాట నిజమే. కాని నోరు విప్పకుండా, గడప దాటకుండా వున్నవారి సొమ్ము కూడా పోయే రోజులివి. వారు చేసిన నేరమల్లా సర్కారు అడిగినచోట వేలు పెట్టటమే.

అందుచేత ఇంట్లో ఎవరి సొమ్మైనా పోయిందని తెలిస్తే, "ఎవరికి చెప్పావు?" అని అడగటం మానుకుందాము. "ఎప్పుడు పోయింది?" అని అడుగుదాము. మొదటి ప్రశ్న అడిగితే భయపడి వారు దాచిపెడతారు, ఆ మూడు రోజులూ గడిచిపోతాయి. రెండవ ప్రశ్న అడిగిన ఇంట్లో సొమ్ము తిరిగి వచ్చే అవకాశం వున్నది. సొమ్ము రాకపోయినా, మనిషి మిగులుతుంది.